సబార్డినేట్ క్లాజూ, అమ్మ సాక్ష్యమూ

23-8-88, మంగళవారం
తెనాలి నుంచి ఇప్పుడే రేపల్లె చేరాను. ప్యాసింజరు లేటు, తలనొప్పి. ఇంటర్ ఇంగ్లీషు సెప్టెంబరులో పాసైతేనే బాపట్లలో నర్సు ట్రైనింగ్ సీటు. అందుకే రామకోటి మాస్టారి ట్యూషనుకి ఈ తిరుగుడు. ఇవాళ కూడా సబార్డినేట్ క్లాజ్ కింద గీత గీయమన్నారు. ‘ది మ్యాన్ హూ స్టోల్ మై బ్యాగ్ వాజ్ టాల్.’ సబార్డినేటంటే ముఖ్యం కానిదే కదాని పొడుగన్న ముక్క కింద గీశాను. తప్పట. బ్యాగు పోవడం సబార్డినేటట, వాడు పొడుగ్గా ఉండటం మెయినట. బ్యాగు పోయినవాడు పోలీసుల దగ్గరికెళ్ళి దొంగ పొడుగు గురించి ఏడుస్తాడా?

28-8-88, ఆదివారం
అమ్మ కొంప ముంచింది. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, మా సరోజ ఇంగ్లీషు పాసైందండి, దేవుడికి స్తోత్రం అనేసింది. నేనింకా పరీక్షే రాయలేదు. ఇదేంటమ్మా అంటే, ముందే స్తోత్రం చెబితేనే విశ్వాసమట. పైగా గుడ్లు పెట్టే నల్లకోడిని కానుకిచ్చింది. ఆరాధన అయ్యాక కానుకల వేలంలో దాన్ని ఏసుపాదం బాబాయి పాడుకున్నాడు.

29-8-88
కోడికూర బాగుందని బాబాయి కబురు పంపాడు.

14-11-88
ఇంగ్లీషు పోయింది. క్లాజులే ముంచాయి. కడుపారా ఏడ్చాను. సీటు జూన్ దాకా ఆపుతామని, అప్పటికీ పాసవకపోతే వేరేవాళ్ళకి ఇస్తామని బాపట్ల వాళ్ళు చెప్పారు. అమ్మ మాత్రం, చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునేది లేదంటోంది.

20-11-88, ఆదివారం
ఇది చాలదన్నట్టు ఏసుపాదం బాబాయి వచ్చి కూర్చున్నాడు. పోస్టాఫీసులో ప్యూను. క్లర్కు పరీక్షలో ఇంగ్లీషుందట. పాసైనదానివి కదా, కాస్త నేర్పమ్మా అన్నాడు. తప్పానని చెబుదామంటే అమ్మ గుమ్మంలోనే నిలబడింది. సరేనని ఆ దొంగ వాక్యమే రాశాను. బ్యాగు పోతే పొడుగు గొడవెందుకమ్మాయ్ అన్నాడు. ఒళ్ళు మండింది. ముఖ్యమైంది వెతక్కు బాబాయ్, ‘నా బ్యాగు కొట్టేసిన’ అని ఆపేస్తే ఎవరని అడగవూ, అలా సగంలో ఆగిపోయేదాని కింద గీయి అని కసిరాను. కసిరాక నేనే ఆగిపోయాను. మాస్టారు ఇన్నాళ్ళూ మొత్తుకుంటున్నది ఇదే.

12-2-89
బాబాయి రోజూ వచ్చి ప్రాణం తీస్తున్నాడు. చెప్పిందే వందసార్లు చెప్పాలి. ఇవాళ అన్నీ సరిగ్గా గీశాడు. ఎందుకో దానికీ కోపమొచ్చింది.

మే, 89
పాసయ్యాను. పేపరు పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాను. చేటలోంచి తలెత్తలేదు. ఆ సంగతి పోయినేడే చర్చిలో చెప్పాగా, అంది.