స్వచ్ఛందంగా

మార్చి 4, మంగళవారం

అన్నయ్యను పోలీసులు పట్టుకెళ్లారు. ఆదివారం ఒక అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు బాగుచేసి వచ్చాడు. సోమవారానికి మోటారు లేదు. దాన్ని చివరిసారి ముట్టుకున్నది అన్నయ్యేనట, కాబట్టి దొంగా అన్నయ్యేనట. ఇదీ వాళ్ల తెలివి.

ఆసుపత్రిలో ఆరేళ్లు టెంపరరీ ఎలక్ట్రీషియన్‌గా చేస్తే ఇన్నాళ్లకు పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. పదిహేడున చేరాలి. చేరకపోతే లిస్టులో తర్వాతివాడికి పోతుంది. వదిన ఆ ఆర్డర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మార్చి 5, మధ్యాహ్నం

అన్నయ్యను హాజరుపరిచింది నేను టైపిస్టుగా చేసే కోర్టులోనే, పక్క హాల్లో. బెయిల్ ఇచ్చారు. నలభై వేలు డిపాజిట్ కట్టాలి. ఇల్లంతా వెతికితే తొమ్మిది.

అన్నయ్య తర్వాత ఒక బిల్డర్‌గారి అల్లుడు. తాగి కారు నడిపి ఎవరో పెద్దాయన కాలు విరగ్గొట్టాడు. అతనికి రెండు లక్షలు. మామగారు అక్కడికక్కడే కట్టేసి, రసీదు మీద ముద్ర సరిగా పడలేదని క్లర్కును కసిరి, అల్లుణ్ణి భోజనానికి తీసుకెళ్లాడు. జడ్జిగారికి పక్షపాతం లేదు, ఇద్దరికీ బెయిల్ ఇచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మార్చి 7

బాబాయి ఫోన్ ఎత్తలేదు.

మార్చి 11, మంగళవారం

డిపాజిట్ తగ్గించమన్న పిటిషన్ ఇరవయ్యో తారీకుకు వాయిదా. పదిహేడు తర్వాతే ఇరవై వస్తుందని లాయరుకు నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన క్యాలెండర్ చూసి, నిజమేనమ్మా అన్నాడు.

మార్చి 13

జైలుకు వెళ్లాను. లాయరు అన్నయ్యకు ఒక దారి చెప్పాడట. నేరం ఒప్పుకుంటే ఇన్నాళ్లు లోపల ఉన్నదే శిక్ష కింద లెక్కేస్తారు, రేపే ఇంటికి పోవచ్చు. ఒప్పుకోకపోతే విచారణ ఎప్పుడో, అందాకా లోపలే.

చెయ్యని దొంగతనం ఎలా ఒప్పుకుంటావని అరిచాను. గార్డు మెల్లగా మాట్లాడమన్నాడు. నిజంగా చేసుంటే ఇంత ఆలోచించేవాణ్ణి కాదురా చెల్లీ అన్నాడు అన్నయ్య.

మార్చి 14, సాయంత్రం 4

ఒప్పుకున్నాడు.

పక్క హాలు టైపిస్టు తీర్పు ప్రింట్ తీస్తుంటే చూశాను. ముద్దాయి స్వచ్ఛందంగా నేరం అంగీకరించాడు, అని ఉంది. ఆ స్వచ్ఛందంగా అన్న మాట తీసెయ్యమని బతిమాలాను. అది ఫార్మాట్‌లోనే ఉందక్కా, పేరూ తేదీ తప్ప నేనేమీ కొట్టలేదు అంది.

ఆ ఫార్మాట్ నాదే. పని తొందరగా తెమలాలని అయిదేళ్ల కిందట నేనే తయారుచేసి రెండు హాళ్లకూ ఇచ్చాను. హెడ్ క్లర్క్ మెచ్చుకున్నాడు కూడా. ఎంతమందిని అలా పంపించానో. చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలి.

మార్చి 17, సోమవారం

ఆసుపత్రి ఆఫీసుకు నేనూ వెళ్లాను. చేరేముందు ఫారం నింపాలి. తొమ్మిదో ప్రశ్న: మీకు ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా? తప్పుగా రాస్తే కేసు పెడతామని కింద చిన్న అక్షరాలు.

పడింది, అని రాశాడు అన్నయ్య. పక్కన వివరాలు అనే గడి ఉంది. అందులో ఏం రాయాలో తోచక, మోటారు ఎన్ని హార్స్‌పవర్‌దో రాశాడు.