గడపకు కొట్టిన మేకులు

మాసన్ లేక్స్,
ఆదివారం.

ఉదయశ్రీ వాళ్ళ నాన్నగారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను, పాప, అల్లుడు సుమంత్ క్షేమం. ‘అందరం క్షేమం’ అని రాయడానికి చెయ్యి రాక పేర్లు రాశాను. అక్కడ మీరూ, వదినగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ జాబు అందింది. జవాబు ఫోన్లోనే చెప్పవచ్చు. కాని ఫోన్ ఎత్తగానే మీరు స్పీకరు పెడతారు, పక్కన వదినగారు కూర్చుంటారు, నేనడిగినదానికి మీరు నోరు తెరిచేలోగా ఆవిడే జవాబు చెప్పేస్తారు. అందుకని రాస్తున్నాను. నా చదువు సంగతి మీకు తెలుసు, అక్షరాలు వంకరగా ఉంటాయి. ఓపిక పట్టి, ఒక్కరే కూర్చుని చదవండి.

పాప పాలు తాగుతోందా అని అడిగారు. తాగుతోంది. డబ్బా పాలే అయినా ఒళ్ళు బాగానే చేసింది. గుమ్మడికాయ మెత్తగా ఉడికించి పెడితే సగం తిని సగం నా చీరకు పూస్తుంది. కింద రెండు పళ్ళు వచ్చాయి. పాకడం మొదలుపెట్టాక ఒక్కచోట నిలవడం లేదు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. అది ఎవరి సొట్టో మీకు చెప్పక్కర్లేదు.

నా మోకాళ్ళ గురించి అడిగారు. ఈ దేశంలో మనకు ఆషాఢం వచ్చే రోజుల్లో చలి. మెట్లు లేని ఇల్లు కాబట్టి పర్వాలేదు. ప్రయాణం ఎప్పుడని కూడా అడిగారు. టిక్కెట్లు తీస్తానని సుమంత్ అంటున్నాడు, నేనే ఆగమన్నాను. ఎందుకో చెబుతాను.

మీ జాబు చివర ఇలా రాశారు. “అక్కయ్య చెప్పిన ప్రకారం వీధి గుమ్మం గడపకు ఇనప మేకులు నేనే కొట్టాను. పురిట్లో పోయిన మనిషి గనక బిడ్డ వెంట వస్తుందట. ఇక భయం లేదు. ధైర్యంగా పాపను తీసుకురండి.” అది చదివి నేను ఆ పూట అన్నం ముట్టలేదు. మీకు జవాబే రాయకూడదనుకున్నాను. నిన్న ఒక సంగతి జరిగింది, అందుకని రాస్తున్నాను.

నిన్న కళావతిగారు వచ్చారు. ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న డాక్టరమ్మ, గుంటూరు వైపు వాళ్ళు. ఉదయ పోయిననాడు ఎక్కడ సంపాదించారో ఆకుపచ్చ గాజులు తెచ్చి దాని చేతికి తొడిగింది ఆవిడే. “ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుంటారు రత్నకుమారిగారూ, సిటీలో మ్యూజియంలో మలేషియా దయ్యాల ఎగ్జిబిషన్ పెట్టారు, సరదాగా ఉంటుంది, పాపని కూడా తీసుకెళ్దాం” అన్నారు. సుమంత్ నసిగాడు. “దయ్యాలు ఎందుకు ఆంటీ ఇప్పుడు” అన్నాడు. “ఉట్టి ఫోక్‌లోర్ రా, స్కూలు పిల్లలే వస్తున్నారు” అని ఆవిడ పాపకు టోపీ పెట్టేశారు. రైలెక్కి వెళ్ళాం.

అక్కడ లోపలంతా మసక చీకటి. గోడలకు బొమ్మలు, అద్దాల వెనక తాయెత్తులు, ఆ దేశపు మంత్రగాళ్ళ కత్తులు. ఒకచోట బొమ్మలో ఆడదాని ఒంటి తల, కింద పేగులు వేలాడుతూ ఎగురుతోంది. అది చూసి నేను నవ్వాను కూడా. “ఈవిడకు ఆకలేస్తే కడుపు ఎక్కడ వెతుక్కుంటుంది” అన్నాను. సుమంత్ కూడా నవ్వాడు. ఈ ఎనిమిది నెలల్లో వాడు నా ముందు నవ్వింది అదే.

తరవాత గదిలో ఒక ఆడబొమ్మ నిలబడి ఉంది. మనిషంత ఎత్తు. తెల్లబట్ట, జుట్టంతా విరబోసి మొహం మీద పడేసి ఉంది. ఎక్కడి నుంచో పసిబిడ్డ ఏడుపు వినిపించేట్టు పెట్టారు. మన పాప ఆ ఏడుపు విని చుట్టూ చూసింది. కుర్రాళ్ళు ఆ బొమ్మ పక్కన నిలబడి నాలుకలు బయటపెట్టి ఫోటోలు దిగుతున్నారు. ఇదేమిటో చదవమని సుమంత్‌ను అడిగాను. బోర్డు చూశాడు, వాడి మొహం మారిపోయింది. “పక్క రూమ్‌కి వెళ్దాం అత్తయ్యగారూ, ఇక్కడ ఇంటరెస్టింగ్ ఏమీ లేదు” అన్నాడు.

కళావతిగారు చదివి చెప్పారు. పురిట్లో పోయిన ఆడది ఈ దయ్యం అవుతుందట. అరటి చెట్లలో ఉంటుందట. అలా పోయిన తల్లిని పాతిపెట్టేటప్పుడు అరవకుండా నోట్లో గాజుపూసలు పోసేవారట, ఎగరకుండా చంకల్లో కోడిగుడ్లు పెట్టేవారట, అరచేతుల్లో సూదులు గుచ్చేవారట. అప్పటికీ లేచి వస్తే మెడ వెనక మేకు దిగగొట్టాలట. మేకు కొడితే అణిగిపోయి, అందంగా తయారై, అణకువగా కాపురం చేస్తుందట. బొమ్మ వెనక్కి వెళ్ళి చూశాను. నిజంగానే మెడలో మేకు ఉంది.

“ఆ రోజుల్లో బ్లీడింగ్ అయి పోయేవాళ్ళు కదండీ, ఎందుకు పోయారో తెలియక ఈ కథలు అల్లారు” అన్నారు కళావతిగారు.

“ఈ రోజుల్లోనూ పోతున్నారు కదమ్మా, తెలిసే అల్లుతున్నారు” అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పాపం, ఆవిడ మీద నాకేం కోపం లేదు. నా కోపం మీ మీద.

ఉదయ పోయిననాడు వదినగారు ఫోన్లో ఏమన్నారో గుర్తుందా. “ముత్తయిదువగా పోయింది, పుణ్యాత్మురాలు, పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వులు పెట్టి పంపండి” అన్నారు. అలాగే పంపాను. నా చేత్తో దాని పాదాలకు పసుపు రాశాను. మీ అల్లుడు అస్థికలు తెచ్చి గోదావరిలో కలిపి, తిరిగి ఊరు దాటీ దాటకముందే ఆ పుణ్యాత్మురాలు దయ్యం ఎలా అయింది? పేరంటాలు అని మొక్కేదీ మీరే, మేకులు కొట్టేదీ మీరేనా?

మీ తమ్ముడు రామ్మోహన్ తాగి కాలవలో పడి పోయాడు. పోయినవాణ్ణి అనకూడదు, కాని ఉన్న మాట. అతని ఫోటో మన హాల్లో దండతో ఉంది. ఏ గడపకూ మేకు పడలేదు. బిడ్డను కని పోయినదాని ఫోటో బీరువాలో బట్టల కింద ఉందట. సందెవేళ దాని పేరు కూడా ఎత్తొద్దని వదినగారు మీకు చెప్పారట. మీరు ఎత్తడం లేదట.

పైగా ఏ గడప అది? మన ఇల్లు కట్టినప్పుడు మీరే వేపకర్ర తెచ్చి, మీ చేత్తో చెక్కి, మీరే బిగించిన గడప. ఊళ్ళో ఎవరి తలుపులు చేసినా అంత నున్నగా చెయ్యలేదు. నిలబడ్డం వచ్చిన దగ్గర్నుంచి శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది ఉదయ. ఇంజనీరింగు చదివే రోజుల్లో కూడా హాస్టలు నుంచి వస్తే ముందు గడప కడిగేది. “నాన్న చేసిన వాటిల్లో నాకు ఇదే ఇష్టం” అనేది. వడ్రంగి చేతిలో సుత్తి ఉంటుంది కాబట్టి మీ అక్కయ్యగారు కొట్టమన్నారు. మీకు చెయ్యి ఎలా ఆడింది?

ఇక అసలు సంగతి. మీకు చెప్పొద్దన్నాడు సుమంత్, పరువు పోతుందని వాడి భయం. చెప్పేస్తున్నాను.

ఆ బొమ్మకు ముందు తాడు కట్టి ఉంది. నేను తాడు ఎత్తి కింద నుంచి లోపలికి వెళ్ళాను. పాపను కళావతిగారికి ఇచ్చి మరీ వెళ్ళాను. ఆ పిల్ల మొహం మీద జుట్టు పక్కకు తీశాను. ఎవరి కూతురో, అలా తల దువ్వకుండా నలుగురిలో నిలబెట్టారు. నా తలకున్న క్లిప్పు తీసి దాని జుట్టు ముడిచి పెట్టాను. తరవాత వెనక్కి వెళ్ళి మేకు పట్టుకుని లాగేశాను. మైనంలోనో దేంట్లోనో గుచ్చారు, సులువుగా వచ్చేసింది.

గంట మోగింది. కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి “మేడమ్, మేడమ్” అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, మేకు గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను. “అత్తయ్యగారూ, ప్లీజ్, అది ఎగ్జిబిట్ అండీ, టచ్ చెయ్యకూడదు, ఇచ్చెయ్యండి” అన్నాడు సుమంత్. నేను ఇవ్వలేదు. అప్పుడు వాడు ఆ మనిషి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయి, మధ్యలో ఉదయ పేరు చెప్పి, అక్కడే కింద కూర్చుండిపోయాడు. ఆసుపత్రిలో కూడా ఏడవనివాడు నిన్న ఏడ్చాడు.

వచ్చినవాళ్ళకు బొమ్మల గురించి చెప్పే మలేషియా మనిషి ఒకావిడ ఉంది. తలకు గుడ్డ చుట్టుకుంది, నా వయసే ఉంటుంది, పేరు రోహానీ. కాపలా మనిషిని పక్కకు పంపి ఆవిడ నా గుప్పిటి మీద చెయ్యి వేసింది. ఆవిడ చెప్పింది కళావతిగారు నాకు తెలుగులో చెప్పారు. తను పుట్టినప్పుడే వాళ్ళమ్మ పోయిందట. ఊళ్ళో పిల్లలు “మీ అమ్మ అరటి చెట్టులో కూర్చుంది, వెళ్ళు” అని ఏడిపించేవారట. వాళ్ళమ్మమ్మ కూడా కాదని అనలేదట, సందెవేళ కిటికీ వేసేసేదట. “మా అమ్మ ఎలా ఉండేదో నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరిని చూసి భయపడాలో మాత్రం చెప్పారు” అంది. ఇప్పటికీ అరటిపండు తినదట.

అప్పుడు మేకు ఆవిడ చేతిలో పెట్టాను. మేం బయటికి వచ్చేసరికి ఇద్దరు మనుషులు చేతులకు తొడుగులు వేసుకుని, దాన్ని మళ్ళీ మెడలో గుచ్చుతున్నారు. నా క్లిప్పు చిన్న కవరులో పెట్టి నాకిచ్చేశారు. అది వాళ్ళ మేకు, వాళ్ళిష్టం. నేనేం చెయ్యగలను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది సుమంత్‌కు కూడా తెలియదు. ఇక్కడ వంటింటి వెనక అద్దాల తలుపు ఉంది, పక్కకు జరిపేది. దీపం పెట్టే వేళకు నేను దాన్ని కాస్త తీసి ఉంచుతున్నాను, ఉదయ పోయిన దగ్గర్నుంచీ. చలి గాలి వస్తోందని సుమంత్ వేసేస్తాడు, నేను మళ్ళీ తీస్తాను. దయ్యమైనా సరే, జుట్టు విరబోసుకున్నా సరే, ఒక్కసారి వచ్చి బిడ్డను చూసుకుని పోనీ అని. రాలేదు. రానివాళ్ళ కోసం నేను తలుపు తీసిపెడుతుంటే, మీరు అక్కడ గడపకు మేకులు కొడుతున్నారు.

మీకు దాన్ని చూస్తే భయమని నేననుకోను. పాపకు ఏమైనా అవుతుందని మీ భయం, ఉన్నది అదొక్కతే కదా అని. నాకు తెలుసు. కాని ఒక్క మాట ఆలోచించండి. వచ్చిన మర్నాడే పాప పాక్కుంటూ గడప దగ్గరకు వెళుతుంది. మెరిసేది ఏది కనిపించినా వేలు పెట్టి తడుముతుంది. నాలుగేళ్ళు పోయాక “ఇవేంటి తాతయ్యా” అని అడుగుతుంది. మీ అమ్మ ఇంట్లోకి రాకుండా నేనే కొట్టానని చెబుతారా? ఆ రోహానీలా ఇది కూడా అరవై ఏళ్ళు వచ్చేదాకా తల్లిని తలుచుకుని తలుపులేసుకోవాలా?

అందుకని రాస్తున్నాను. మేకులు పీకండి. ఎవరినో పిలవకండి, కొట్టినవారు మీరే గనక మీరే పీకండి. వదినగారు అడ్డం వస్తే ఈ జాబు చదివి వినిపించండి, అప్పుడు స్పీకరు అక్కర్లేదు. ఒక మేకు మాత్రం పారేయకుండా హాల్లో గోడకు కొట్టి, బీరువాలో ఉన్న ఫోటో తెచ్చి, మీ తమ్ముడి పక్కన తగిలించండి.

మీరు పీకానని చెప్పేదాకా టిక్కెట్లు తీయనివ్వను. తీసినా మన ఇంటికి రాను. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, సంవత్సరీకం గోదావరి ఒడ్డున చేసుకుని, పాపను తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోతాం. ఊళ్ళో అడిగినవాళ్ళకు మీరే చెప్పుకోండి.

వేపకర్రలో దిగిన మేకులు, మైనంలోవి కావు, కష్టపడాలి. చెక్క చీలినా పర్వాలేదు. కన్నాలు కనిపిస్తాయని లప్పం పెట్టి కప్పెయ్యకండి, అలాగే ఉంచండి. పాపను ఎత్తుకుని వచ్చి, దాని వేలితోనే వాటిలో పసుపు పెట్టిస్తాను. వాళ్ళమ్మ చేసే పనే అది.

వేళకు భోంచెయ్యండి. బీపీ మాత్ర మరవకండి.

ఇట్లు,
ఉదయశ్రీ వాళ్ళ అమ్మ