మన్ను మీద కప్పిన పట్ట

ఏమయ్యా,

క్షేమమా అని అడగను. నాకింకా కోపం తగ్గలేదు.

పోయిన ఎండాకాలం సావుకారు లారీ నిండా ఆయన గనుల ఇనుప మన్ను వేసుకుని కోస్తా రేవుకు పోయావు. "మన బళ్ళారి ఎండ కాలుస్తాది, అంతే. ఈడ ఉక్కకు ఉడికిపోతాండా మే. చొక్కా పిండితే ఎర్రనీళ్ళు కారతాండాయి" అని ఫోన్లో అన్నావు. వెనక ఉరుములు వినబడ్డాయి. లోడు తడుస్తుందని ఫోన్ పెట్టేసి, పట్ట కప్పడానికి లారీ పైకెక్కావు. పిడుగు పడింది.

సావుకారు మన్ను కోసం ఎక్కావు. మన మిద్దె ఏళ్ళుగా కారుతుంటే ఒక్కసారైనా ఎక్కావా?

నిన్ను ఆ పట్టలోనే చుట్టి తెచ్చారు. అది నా దగ్గరే ఉండిపోయింది. ఈ పొద్దున మబ్బు కమ్మితే నేనే ఎక్కి, దాన్ని మిద్దె మీద పరిచి అంచుల మీద రాళ్ళు పెట్టాను. మధ్యాహ్నం వాన దంచింది. ఇంట్లో చుక్క పడలేదు.

ఆ వానలోనే సావుకారు గుమాస్తా బసప్ప వచ్చాడు. రోడ్డు మీంచి చూసినట్టున్నాడు.

"ఆ పట్ట మాదమ్మా. సావుకారు అడగతాండాడు, ఇచ్చెయ్."

"నిచ్చెన ఆ పక్కనుండాది. ఎక్కి తీసుకోప్పా" అన్నాను.

పైన ఫెళ్ళున ఉరిమింది. బసప్ప గోడకు అతుక్కుపోయాడు.

"ఉరుముతాంటే ఎవరన్నా పైకెక్కుతారామ్మా? వాన నిలిచినాక చూస్తాంలే."

ఆ రోజు నీతో ఈ మాట ఎవరూ అనలేదు. అనకపోతే మాత్రం, నీకైనా తెలియొద్దా?