మ్యాపులో టీ బడ్డీ

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పోయిన నెల ఒక మీటింగులో నీ మ్యాపు తెర మీద చూశాను.

ఫోన్లు, కరెంటు, నీటి సరఫరాల భద్రత మీద పరిశోధన చేస్తామంటూ నాలుగు సంస్థలు కలిసి కన్సార్టియం పెట్టుకుని టాటానగర్ వచ్చాయి. అసలు కేబులూ, అది తెగితే వాడాల్సిన స్పేరు కేబులూ ఒకే వంతెన మీదుగా పోతున్నాయని వాళ్ళే కనిపెట్టారట! "రెండూ ఒకేచోట ఏత్తే ఇంక స్పేరు ఏటికిరా?" అని రిటైరయ్యేదాకా అరిచి, నువ్వు చేత్తో గీసి మీ టెలిఫోను ఆఫీసులో ఇచ్చిన మ్యాపే అది. నీ పేరు మాత్రం లేదు.

కేబులు జాయింటు ఎక్కడుందో తెలియడానికి వంతెన మొదట్లో గుర్తుగా ఒక చదరం గీశావు కదా, ప్రొఫెసరు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, కీలకమైన కంట్రోల్ రూమ్ అన్నాడు. నేను లేచి, "వో తో చాయ్ కీ దుకాన్ హై సర్" అని, అది మన రాములు టీ బడ్డీ అని చెప్పాను. "బైఠ్ జాయియే" అని నన్ను కూర్చోబెట్టేశాడు.

ఇవాళ అటే వెళ్ళాను. రాములు బడ్డీ పీకించేసి, అక్కడ తుపాకీతో గార్డుని నిలబెట్టారు. "నా బడ్డీ ఏటి సేసింది బాబూ?" అని రాములు నన్ను అడిగాడు.

కేబుళ్ళు రెండూ ఇంకా ఆ వంతెన మీదే ఉన్నాయి బావా.