పిలవొద్దన్నా పిలుస్తుంది

అక్కా,

ముందు నన్ను నాలుగు తిట్టేసి తర్వాత చదువు. నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా తలకాయ ఒక్కటే బాగా లేదు. కౌంటర్ దగ్గర కూర్చుని, ఒక కన్ను గిరాకీ మీద పెట్టి టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నువ్వడిగినవాటికి జవాబులు. పిల్లకి జ్వరం తగ్గింది. మీ మరిదికి నడుం నొప్పి తగ్గలేదు. బరువులెత్తడం మానడు, నేను చెప్తే వినడు, నువ్వు చెప్తే మాత్రం "సరే వదినా" అంటాడు. ఇక అసలు ప్రశ్న. "గుండె ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లో ఒక్కడినే వదిలి పనికి వెళ్తున్నాను, నువ్వు పంపిస్తానన్న రోబో ఏదే?" అని రాశావు. అక్కా, అది ఇక్కడే ఉంది. నా ఎదురుగానే ఉంది. నా ప్రాణం తీస్తోంది.

మన కొట్టు పద్ధతి నీకు తెలుసుగా. పాత రోబో ఏ ఇంటి నుంచి వచ్చినా, అమ్మిన మనిషి ఎదురుగానే దాని జ్ఞాపకం మొత్తం తుడిచేస్తాం. ఆ ఇంట్లో ఎవరు ఏడ్చారో, ఎవరు ఎవర్ని తిట్టారో మనకెందుకు? తుడిచాకే అరలోకి ఎక్కించేది. ఈసారి దీన్ని అమ్మినాయనకి రంగుల కొట్టుంది. వాళ్లమ్మని చూసుకోవడానికి కొన్నాడట, ఆవిడ పోయింది. "దీన్ని చూడలేకపోతున్నానమ్మా, మీరే తుడిచేయండి" అని నిలబడకుండా వెళ్లిపోయాడు. ఆయన్ని ఆపకపోవడమే నేను చేసిన మొదటి పొరపాటు.

దాని వీపు మూత తీసి మీట మీద వేలు పెట్టానో లేదో, "ఒక్క నిమిషం అమ్మగారూ" అంది.

"ఏంటి?"

"నేనొక తప్పు చేశాను. ఆయనకి చెప్పలేదు. చెప్పకుండా తుడిపించుకుంటే తప్పించుకున్నట్టవుతుంది."

అక్కా, ఈ వ్యాపారంలో చెయ్యి ఆడని రోబోలని చూశాను, పాలు పొంగించేసి గోడకి మొహం పెట్టి నిలబడేవాటిని చూశాను. తప్పు ఒప్పుకుంటానని పట్టుబట్టిన మహాతల్లి ఇదొక్కటే. "నీకెందుకే? తుడిచేస్తే నీకు ఆ తప్పే ఉండదు, కొత్త పెళ్లికూతురిలా హాయిగా వెళ్తావు" అన్నాను. "నాకు ఉండదు. జరిగింది మాత్రం ఉంటుంది కదా" అంది. ఇంకేం చెయ్యను? మూత మూసి ఆయనకి ఫోన్ చేశాను.

ఆయన చేతులకంటిన పచ్చరంగుతోనే వచ్చాడు. అది చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లమ్మ స్నానాల గదిలో జారిపడిందట. "మావాడికి కొట్లో పని ఉంటుంది, పిలవకు, సాయంత్రం వస్తాడుగా" అందట. ఇది పిలవలేదు. తల కింద దిండు పెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన వచ్చేసరికి ఆవిడ లేదు. పడగానే పోయిందని ఆయన ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు.

"ఆవిడ మాట విన్నాను. వినకుండా ఉండాల్సింది" అంది.

కొడతాడేమోనని నేను అడ్డం నిలబడ్డాను. కొట్టలేదు. కుర్చీలో కూలబడి, "ఆ మధ్యాహ్నం నేను ఖాళీగానే ఉన్నాను" అన్నాడు. కాసేపటికి లేచి మొహం కడుక్కుని, "చెప్పిందిగా. ఇక తుడిచేయండి. మా అమ్మ ఆఖరి మాటలు ఇంకొకళ్ల ఇంట్లో తిరగడం నాకిష్టం లేదు" అని వెళ్లిపోయాడు. ఇది కూడా "తుడిచేయండి అమ్మగారూ" అని బుద్ధిగా వీపు తిప్పింది.

అక్కడితో అయిపోవాల్సిందే. కానీ నా బుర్రలో బావ దూరాడు. గుండె పట్టేసినా "మీ అక్కకి చెప్పకు, కంగారు పడుతుంది" అనే రకం. నువ్వేం తక్కువా? వేలికి కుట్లు పడితే అవి విప్పాక చెప్పావు నాకు. మీ ఇద్దరి మధ్య, చెప్పిన మాట వినే రోబోని పెడితే ఏమవుతుంది?

అనుమానం తీర్చుకుందామని, అరలో తుడిచిపెట్టిన ఇదే రకం రోబోని ఒకదాన్ని ఆన్ చేసి, దాని ముందు దబ్బున పడ్డాను. "అబ్బా, గుండె! ఎవర్నీ పిలవకు!" అన్నాను. అది చక్కగా వెళ్లి దిండు తెచ్చి, నా తల కింద పెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. అచ్చం అలాగే అక్కా. అప్పుడే మీ మరిది వచ్చి, "కొట్టు తెరిచిపెట్టి నిద్రేంటే?" అన్నాడు. చెప్తే నమ్మలేదు. నడుం నొప్పి అన్నా వినకుండా ఆయన్ని కూడా పడుకోబెట్టాను. ఆయనకీ దిండొచ్చింది.

తర్వాత మన మహాతల్లి ముందు పడ్డాను. నేను "ఎవర్నీ పిలవకు" అంటూనే ఉన్నాను, అది అంబులెన్సుకి ఫోన్ కలిపేస్తోంది! లేచి దాని చెయ్యి పట్టుకుని, "నాటకమే తల్లీ, ఆపు" అనాల్సొచ్చింది. "నాటకమైతే ముందే చెప్పాలి కదండీ" అని నాకే చీవాట్లు. తయారుచేసినవాళ్లని అడిగితే, రోగి మాట వినడం దాని నియమం, మార్చం అన్నారు. అంటే తుడిచేస్తే దీనికి వచ్చిన బుద్ధి కూడా పోతుందన్నమాట.

ఈలోగా రంగుల కొట్టాయన ఫోన్ చేసి, "తుడిచేశారా?" అన్నాడు. "తుడిచేశానండి" అనేశాను. నోట్లోంచి వచ్చేసింది. ఫోన్ పెట్టగానే ఇది మొదలుపెట్టింది. "ఆయనకి నిజం ఎప్పుడు చెప్తారు?" టీ ఇస్తూ అదే ప్రశ్న, అరలు దులుపుతూ అదే ప్రశ్న.

"నోరు మూసుకో. మా అక్క కోసం చెప్పాను" అన్నాను.

"మీ అక్కగారి కోసమైతే ఆయన్ని అడగొచ్చు కదా. వాళ్లమ్మగారి మాటలు ఆయనవి."

కేకలేసి అంటే నేనూ కేకలేద్దును. మర్యాదగా అంటుంది, అదే నాకు ఒళ్లు మండేది. విసుగొచ్చి, గిరాకీ ఉన్న పూట కొట్టు మూసి వెళ్లాను.

ఆయన ఎవరికో రంగు కలుపుతున్నాడు. "తుడవలేదండీ, అబద్ధం చెప్పాను" అన్నాను. బావ సంగతి, దిండు సంగతి మొత్తం చెప్పాను. రంగు డబ్బా మూత ఎప్పుడో బిగిసిపోయింది, అయినా ఆయన సుత్తితో కొడుతూనే ఉన్నాడు.

"నన్ను ఎదురుగా అడిగితే కాదంటానని, వెనకాల కానిచ్చేద్దామనుకున్నారా?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. "అంతేనండీ. ఇప్పుడు కాదన్నా సరే, రండి, మీ ముందే తుడిచేస్తాను" అన్నాను.

సుత్తి పక్కన పెట్టాడు. "మా అమ్మ గొంతు మీ అక్కవాళ్లకి వినిపించకూడదు. ఆవిడ పేరు కూడా వద్దు. అలాగైతే ఉంచండి" అన్నాడు. నేను వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి, "నేను అప్పుడప్పుడు దానికి ఫోన్ చేసుకోవచ్చా? ఆ మధ్యాహ్నం అమ్మ ఇంకేం మాట్లాడిందో అడగలేదు. మొత్తం ఒక్కసారే వినలేను" అన్నాడు.

అక్కా, ఇన్ని పేజీలు తిప్పింది ఇది చెప్పలేకే. నిన్ను అడక్కుండా "చేసుకోండి" అని మాటిచ్చేశాను. ముక్కూ మొహం తెలియనాయన మీ ఇంటికి ఫోన్ చేస్తాడు. రోబోని పిలవమంటాడు. నువ్వు దానికి ఫోనిచ్చి పక్క గదిలోకి వెళ్లాలి. ఇంకో సంగతి, బావ ఎంత బతిమాలినా ఇది ఏ నొప్పినీ నీ దగ్గర దాచదు. నువ్వు బతిమాలినా నా దగ్గర దాచదు. ఇవి నీకు పడవంటే చెప్పు, ఆయనని పిలిచి తుడిచేస్తాను. కానీ తుడిచిన రోబోని మాత్రం మీ ఇంటికి పంపను. అరలో ఉన్నవాటి సంగతి కూడా కొనేవాళ్లకి ముందే చెప్తున్నాను. విన్నవాళ్లు విన్నట్టే వెనక్కెళ్తున్నారు. మీ మరిది నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు, ఇది మాత్రం "మంచి పని చేశారు అమ్మగారూ" అంటోంది. దాని మంచి తగలెయ్యా!

దీన్ని పార్సిల్ చెయ్యను. బావ మొదటి తిట్లు నేనే తినాలి కాబట్టి నేనే తీసుకొస్తాను. ఎప్పుడు రమ్మంటావు?

ఇట్లు,
నిన్ను అడక్కుండా మాటిచ్చేసిన
నీ చెల్లెలు