వానకు తడవని గొంతు

చిత్తూరు

పంకజాక్షీ,

ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నా గొంతు విని నువ్వు “ఎవరండీ?” అన్నావు చూడు, ఆ రోజునుంచి నీకు ఫోన్ చేయబుద్ధి కావడం లేదు. తప్పు నీది కాదు. థైరాయిడ్ గడ్డతోపాటు గొంతూ పోయింది. కొంత తిరిగి వస్తుందన్నాడు డాక్టరు. ఎంతో చెప్పలేదు. అందుకని యూనివర్సిటీ సెలవుల్లో నీకు శ్రీకాళహస్తికి రాసినట్టే మళ్లీ ఉత్తరం రాస్తున్నాను. ఓర్చుకో.

పెరటాశి నెల వస్తోంది. మా వీధి గుంపు ఏటా లాగే కొండకు నడుస్తుంది. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటినుంచీ ముందు నడిచి గోవింద నామాలు పిలిచేది నేనే. ఒక నామం పిలిచి ఆగుతాను. వెనకవాళ్లు “గోవిందా” అని అందుకుంటారు. ఆ ఆగడమే అసలు పని. ఎవరికి ఆయాసం వస్తోందో వెనకనుంచి వచ్చే శబ్దంలోనే తెలిసిపోతుంది. దాన్నిబట్టి నడక తగ్గిస్తాను.

మొన్న గుంపు పెద్ద, బెల్లం మండీ వరదయ్య మామ మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. “హేమా, ఈసారి దోవలోకి బ్లూటూత్ స్పీకరు ఒగటి కొందామనుకుంటా ఉండాము. సదువుకున్నదానివి, పాట తెలిసినదానివి. నువ్వే మంచిది సూసి చెప్పల్ల.”

“ఎట్లాంటిది మామా?”

“వానకు తడిసినా చెడిపోగూడదు. లారీల మోతలో ఎనకాల ముసిలోళ్లకు గూడా ఇనపడల్ల. పొద్దున ఛార్జింగ్ పెడితే సాయంకాలం దాకా నడవల్ల.”

“అయితే నీకన్నా అదే నయం మామా,” అన్నాడు మా ఆయన నరేంద్ర. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేనూ నవ్వాను. నా గొంతుకు ఊతగా మైకు తగిలించడానికే అనుకున్నాను. దొరికిన రివ్యూలన్నీ చదివాను. చిన్నవి సంచికి తగిలించుకోవచ్చు గానీ ఆరుబయట వాటి శబ్దం అగరొత్తి పొగలా చెదిరిపోతుందట. పెద్దవాటిని మోయడానికే ఒక మనిషి కావాలి. కొన్నింట్లో దరువు అదిరిపోతుంది, మనిషి గొంతు దాని కింద నలిగిపోతుంది. దుకాణంలో వాయిద్యాలు లేని పాట పెట్టమంటే, “అట్లాంటివి ఎవురు ఇంటారు మేడమ్?” అన్నాడు దుకాణమతను. చివరికి నీళ్లు దూరనిది, మైకు పెట్టుకోగలిగేది, గొంతు గొంతులాగే వినిపించేది ఒకటి ఎంచాను.

ఇంటికొచ్చి మైకు సంగతి చెబితే ఆయన, “మైకెందుకు హేమా, నీకు శ్రమ. నామాలు ఫోన్లో ఉండాయి గదా,” అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు.

నా చోట నిలబెట్టేదాన్ని నా చేతే ఎంపిక చేయించారు పంకజా. ఒక్కరూ నన్ను వద్దనలేదు. వద్దని ఉంటే కనీసం పోట్లాడేదాన్ని. లేక ఇదంతా నా అనుమానమేనా?

నీ హేమశ్రీ


చిత్తూరు

పంకజా,

నోరు తెరిచి అడగమని రాశావు. అడిగాను.

“పోయిన నెల ఒగ శనివారం గుడికాడ నువ్వు నామం ఎత్తుకుంటే అందురూ తలకాయలు దించుకున్నారు. నేను గూడా దించుకున్నా. మళ్లా అట్లా జరగగూడదనే,” అన్నాడు ఆయన.

“ఎవరికోసం జరగకూడదు? నాకోసమా, మీకోసమా?”

“ఇద్దురికీ,” అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

నేను రావడం లేదన్నాను. మరి ఏటా నడిచి కొండెక్కే మొక్కు సంగతేమిటని అడిగాడు. “మీ స్పీకరు తీరుస్తుందిలెండి,” అన్నాను. అన్న తర్వాత ఆ మాట నోట్లో చాలాసేపు చేదుగా ఉండిపోయింది. ఇక నడవను, గొంతెత్తను. తేల్చుకున్నాక నిమ్మళంగా ఉంటుందనుకున్నాను. లేదు.

హేమ


చిత్తూరు

పంకజాక్షీ,

నడిచాను.

గుంపు బయల్దేరే పొద్దున గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. వరదయ్య మామ స్పీకరు భుజాన వేసుకుని మీట నొక్కాడు. వాయిద్యాలు లేవు. ఒక ఆడగొంతు నామం పిలిచి, ఆగింది. నా గొంతు. ఎప్పుడో వంటింట్లో పాడుకుంటుంటే మా ఆయన నాకు తెలియకుండా ఫోన్లో రికార్డు చేశాడట. వెనక కుక్కరు ఈల కూడా ఉంది. ఒంటరిగా పాడుకుంటున్నా అలవాటుకొద్దీ నామం నామానికీ ఆగి ఉన్నాను. ఆ ఖాళీల్లోకి గుంపంతా “గోవిందా” అంటూ సరిగ్గా వచ్చి కూర్చుంది.

“హేమకు గొంతొచ్చేసింది సూడండి,” అంది చూపు ఆనని మునెమ్మవ్వ.

“అది స్పీకరులే అవ్వా,” అన్నారెవరో.

“ఏదైతే ఏమి, బాగుండాది.”

ఆయన నా దగ్గరికొచ్చి, “నీకంటే బాగా పిలిచేటోళ్లు యాడుండారు? నీకు చెప్పకుండా దాచినాను. ఇప్పుడన్నా వస్తావా?” అన్నాడు. ఆయన ముఖంలో ఎంత సంతోషమో. కోపగించుకోవడానికి కూడా నాకు చోటు మిగల్చలేదు. చెప్పులు విడిచి, అవ్వ పక్కన చివర్లో నడిచాను.

పూతలపట్టు దాటాక వాన. మేమంతా ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్నాం. స్పీకరుకేమీ కాలేదు, నేను ఎంచిందే కదా. లారీల మోతలో కూడా నేను ఊపిరి తీసుకోవడం దాకా స్పష్టంగా వినిపించింది. అది గొంతెండి ఆగదు, మజ్జిగ అడగదు. దాని వెంట అందరూ వేగంగా నడుస్తున్నారు. అవ్వ రొప్పుతూ మైలురాయి మీద కూలబడింది. “ఆగండి,” అని అరిచాను. నా అరుపు నాకే సరిగా వినబడలేదు. ముందు నా గొంతు పిలుస్తూనే ఉంది, వాళ్లు పలుకుతూనే ఉన్నారు. చూస్తుండగానే అంతా మలుపు తిరిగిపోయారు.

వాన తగ్గాక అవ్వ లేచి, “నువ్వు పిలువు, మెల్లింగా నడస్తా,” అంది. పిలిచాను.

“కాకి గొంతు మాదిరుండాదే.”

“ఆపేయనా?”

“నేనెప్పుడు ఆపమన్నా? గోవిందా.”

చీకటి పడేలోపు సత్రం చేరాం. అప్పటికే గుంపంతా తలలు తుడుచుకుని భోజనాలకు కూర్చుంది. ఆయన గాభరాగా లేచి వచ్చాడు. “యాడుండిపోయినారు? నీ గొంతు ఇనపడతానే ఉండాది గదా, నువ్వు ఈడనే ఉండావనుకున్నా.”

నేను అవ్వకు తల తుడిచి, భోజనానికి కూర్చోబెట్టాను.

మర్నాడు అవ్వా నేనూ గుంపుకంటే ముందే బయల్దేరాం. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆగాను. కొంతసేపటికి వెనకనుంచి నా గొంతు దగ్గరవుతూ వచ్చింది. రోడ్డు పక్కకు తప్పుకుని, దానికి దారి ఇచ్చాం.

నీ
హేమశ్రీ