చుక్క తీసేస్తే

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్లో మాట్లాడితే మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటాం. ఉత్తరమైతే ఒకళ్ల మాట ఇంకొకళ్లు చివరిదాకా విని తీరాలి. అందుకే రాస్తున్నాను.

నిన్న మన ప్రాజెక్టు ప్రారంభ సభ జరిగింది. నువ్వు మీ విశ్వవిద్యాలయంలో కూర్చుని తెర మీద చూశావు కాబట్టి ఇక్కడి కంపు నీదాకా రాలేదు. మూడు విశ్వవిద్యాలయాలు, అయిదు శాఖలు, ఒకే లక్ష్యం, సమాజ భద్రత అని గోడంత బ్యానరు కట్టారు. మా సమాజశాస్త్రం వాళ్లం మాట్లాడుతుంటే మీ కంప్యూటర్ శాఖ వాళ్లు ఫోన్లు చూసుకున్నారు. మీ వాళ్లు మాట్లాడుతుంటే మా వాళ్లు బిస్కెట్లు నమిలారు. న్యాయశాస్త్రం ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ప్రాజెక్టు పెద్దకి నేను సమన్వయం మాస్టారు అని పేరు పెట్టుకున్నాను. సమన్వయం ఉంటే భద్రత, భద్రత ఉంటే సమన్వయం అని అటు తిప్పీ ఇటు తిప్పీ గంటసేపు సాగదీశాడు.

మరి ఎందుకు చేరానంటావా? రంగుల ఫ్యాక్టరీ వెనక వీధి కోసం. పోయిన ఏడాది గ్యాసు లీకైనప్పుడు ఆ వీధిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. పక్క వీధిలో పిల్లలు కూడా పోయారు. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని ఇన్నాళ్లూ ఇంటింటికీ తిరిగాను. కారణం ఇస్త్రీ పెద్దమ్మ. మెట్ల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పనికెళ్లేవాళ్లు తాళాలు ఆవిడ చేతికే ఇచ్చి పోతారు. ఎవరింట్లో ముసలాయన మంచాన పడి ఉన్నాడో, ఎవరు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటారో ఆవిడకు తెలుసు. ఆ రోజు ఆవిడ ఒక్క కేక వేస్తే వీధంతా లేచింది. మనుషుల మధ్య ఇలాంటి దారులు ఉన్నచోట ప్రాణాలు నిలుస్తాయని రుజువుతో సహా చూపించగలిగితే, ఇంకో ఊళ్లో ఇంకెవరో బతుకుతారు.

ఎవరు ఎవరి దగ్గరికి పరిగెత్తారన్న సంగతి బయటికి పొక్కనివ్వనని ఆవిడ మంచం మీద కూర్చుని మాటిచ్చాను. ఆ వివరాలన్నీ ఇప్పుడు పటం గీయడానికి నీ దగ్గరికి వస్తున్నాయి. జాగ్రత్త.

నీ
అక్కయ్య


ప్రియమైన అక్కయ్యకి,

నీకు చిన్నప్పటి నుంచీ ప్రతి కంచంలోనూ వెంట్రుక కనిపిస్తుంది. పక్క సీటువాడు చప్పుడు చేస్తూ తింటున్నాడని సినిమా సగంలో లేచొచ్చినదానివి. ఈ ప్రాజెక్టు మీదా అదే ముఖం పెడితే ఎలా?

పటం పూర్తయింది. చూస్తే నువ్వు కూడా మెచ్చుకుంటావు. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారో అది గీత. మీ పెద్దమ్మ అన్నిటికంటే పెద్ద చుక్క, ఎర్రటిది. వీధిలో గీతలన్నీ చుట్టూ తిరిగి అక్కడికే చేరుతున్నాయి.

ఇప్పుడు భద్రతా శాఖ కూడా మనకు భాగస్వామి అట. పోయిన వారం ఇద్దరు అధికారులు వచ్చారు. చాలా మర్యాదస్తులు. ఒకాయన పటం ముందు చాలాసేపు నిలబడి, "ఈ చుక్క తీసేస్తే ఏమవుతుందండీ?" అని అడిగాడు. తీసి చూపించాను. వీధి ముక్కలుముక్కలైపోయింది. "భలే ఉందండీ" అన్నాడు. నేను చేసే పని అర్థం చేసుకున్న మొదటి మనిషి అతనే అనిపించింది. ఆ రోజంతా గాల్లో తేలుతున్నట్టే ఉన్నాను.

నువ్వేం బెంగపడకు. పటంలో పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. నీ మాట పోలేదు.

నీ
తమ్ముడు


తమ్ముడికి,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు.

ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తున్నారని తెలిసి వీధివాళ్లు గేటు ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరూ రాయి విసరలేదు, ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే భద్రతా శాఖ వ్యాను వచ్చింది. గేటు దగ్గరికి కాదు, మెట్ల దగ్గరికి. పెద్దమ్మ అప్పుడే చొక్కా మీద ఇస్త్రీపెట్టె పెట్టిందట. "ఇది పక్కన పెట్టి వస్తానయ్యా, బట్ట కాలిపోతుంది" అందట. పెట్టనిచ్చారు. అంతవరకూ మర్యాదే. గేటు ముందు మైకు పట్టుకుని నినాదాలిచ్చినవాళ్లు ముగ్గురు నలుగురున్నారు, వాళ్ల జోలికి పోలేదు. ఆవిడనొక్కదాన్నే తీసుకుపోయారు. సాయంత్రానికి గేటు ముందు చాపలు కూడా లేవు.

నీ చుక్క తీసేశారు.

సమన్వయం మాస్టారి గదికి వెళ్లాను. కమలాపండు ఒలుచుకుంటున్నాడు.

"మన పటం చూసే ఆవిడని పట్టుకెళ్లారు కదండీ" అన్నాను.

"తెలుసుకోవడం వరకే మన పనమ్మా. ఆ తర్వాత వాళ్ల పని వాళ్లది."

"నేను ఆవిడకి మాటిచ్చాను."

"పేరు ఎక్కడైనా రాశామా? లేదు కదా. మీరు మాట తప్పలేదు." ఒక తొన తీసి నాకు అందించాడు. "తీసుకోండి, తియ్యగా ఉంది."

రసం కారుతున్న ఆ వేళ్లు చూసి, తొన ముట్టకుండానే లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. మళ్లీ చేశాను. ఒంటి మీద ఆ జిడ్డు వదలడం లేదు. అతన్ని తలుచుకుంటే అసహ్యం. నిన్ను తలుచుకుంటే అసహ్యం. ఎవడో భలే ఉందండీ అంటే గాల్లో తేలావే, అది తలుచుకుంటే మరీ.

రాజీనామా రాస్తున్నాను. నువ్వు ఆ బురదలోంచి బయటికి వచ్చేదాకా నన్ను అక్కయ్యా అని పిలవకు.


అక్కయ్యా,

పిలవొద్దన్నావు. ఉద్యోగం వదిలేసి బయటికి వచ్చేశాను కాబట్టి పిలుస్తున్నాను.

నీ ఉత్తరం చదవగానే ముందు కోపమే వచ్చింది. పేర్లు లేవు కదా, నేనేం చేశాను అనుకున్నాను. తర్వాత పటం తెరిచి, అది గీసింది నేను కానట్టు చూశాను. ఏ వీధి, ఏ మెట్లు, అన్నీ ఉన్నాయి. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ మెట్ల కింద ఉండేది ఒక్క మనిషే. ఇంక పేరెందుకు?

సమావేశంలో లేచి నిలబడ్డాను. "మన పటం వల్ల ఒక ముసలావిడ లోపల ఉంది. దాని గురించి మాట్లాడుకుందామా?" అన్నాను. మనస్తత్వశాస్త్రం ఆవిడ, "అయితే పటం పనిచేస్తుందని రుజువైనట్టే కదండీ" అంది. అందరూ హాయిగా నవ్వారు. పక్కాయన నా భుజం తట్టి, వ్యాసం పెద్ద పత్రికలో వస్తోందని, అందులో మొదటి పేరు నాదేనని చెప్పాడు. బాత్రూమ్‌లోకి పోయి కక్కుకున్నాను. నోరు కడుక్కుంటూ అద్దంలో చూసుకుంటే, నిన్నమొన్నటిదాకా వాళ్లతో కలిసి నవ్విన ముఖం నాదే.

పెద్దమ్మ తరఫు లాయరమ్మని కలిశాను. పటం నేనే గీశానని, దాన్ని ఎవరికి చూపించానో కోర్టులో చెబుతానని అన్నాను.

"అది సగమే బాబూ" అంది ఆవిడ. "రహస్యంగా ఉంచుతామని మాటిచ్చి ఈ సంగతులన్నీ అడిగారని ఎవరు చెబుతారు? మాటిచ్చినవాళ్లే చెప్పాలి. మీ అక్కగారు వస్తారా?"

తప్పకుండా వస్తుందన్నాను. నిన్ను అడగాల్సిన పని కూడా లేదనిపించింది.

విచారణ వచ్చే నెల మొదట్లో. ఆ రోజు కోర్టు గేటు దగ్గర నీ కోసం చూస్తుంటాను.

నీ
తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

రాజీనామా ఇచ్చాను, మాస్టారు తీసుకోలేదు. ఆయన మనం అనుకున్నంత చెడ్డవారు కాదు. నా మాటలు ఆయన్ని చాలా కదిలించాయట. ప్రాజెక్టులో నైతిక విలువల విభాగమని ఒకటి కొత్తగా పెట్టి, దానికి నన్ను అధిపతిగా ఉండమన్నారు. బాగా ఆలోచించే ఒప్పుకున్నాను. బయట నిలబడి అరవడం కంటే లోపల ఉండి సరిదిద్దడం మేలు. ఇక మీదట ఏ వీధి పటం గీయాలన్నా నా సంతకం ఉండాలి. ఇది చిన్న విషయం కాదు. అసలు శాఖల మధ్య సమన్వయం సరిగా లేకపోవడం వల్లే పెద్దమ్మ విషయంలో అలా జరిగిందని ఇప్పుడు అర్థమవుతోంది.

కోర్టు సంగతి. ఈ సమయంలో నేను రావడం సబబుగా ఉండదు. లాయరుకి నా పేరు ఇవ్వకు. నీ నోటితో చెప్పి ఉంటే, అక్క రాలేదని మెల్లగా సర్దిచెప్పు. పెద్దమ్మకి నా తరఫున ధైర్యం చెప్పు.

నువ్వు కూడా తొందరపడకు. ఆరోగ్యం చూసుకో. కొత్త గదికి పెద్ద కిటికీ ఉంది, వెలుతురు బాగా వస్తుంది. ఒకసారి వచ్చి చూడు.

ప్రేమతో,
అక్కయ్య


అక్కయ్యా,

నీ ఉత్తరం చదివాక కింద సంతకం మళ్లీ చూశాను, ఇది రాసింది నువ్వేనా అని.

పెద్దమ్మని విడిచిపెట్టారు. నా సాక్ష్యం వల్ల కాదు, ఆవిడ మీద మోపడానికి నేరమేదీ దొరక్క. పేర్లే లేని పటానికీ ఈ అరెస్టుకీ ఏమిటి సంబంధం అని అవతలి లాయరు నన్ను అడిగాడు. ఒకప్పుడు నేను నీతో అన్న మాటే. ఆ వివరాలు పెద్దమ్మ దగ్గర తీసుకున్నవేనని మాటిచ్చిన మనిషి వచ్చి చెప్పనిదే నా జవాబు నిలబడదట.

వీధికి వెళ్లాను. బల్ల ఉంది, ఆవిడ ఉంది, బట్టలు లేవు. ఆవిడ దగ్గర నిలబడితే తమనీ చుక్క కింద రాసుకుంటారని వీధివాళ్లకి భయం. తాళాలు ఎవరివి వాళ్లు జేబుల్లో వేసుకుని పోతున్నారు. మంచాన పడ్డ ముసలాయన్ని లోపల ఉంచి కోడలు బయట తాళం వేసి పనికి పోతోంది. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ వస్తోంది. ఇంకోసారి గ్యాసు లీకైతే అక్కడ ఎవరు ఎవర్ని లేపుతారు? ఆ వీధి ఎందుకు భద్రంగా ఉందో తెలుసుకోవడానికి వెళ్లి మనం చేసొచ్చిన నిర్వాకం ఇది.

నేనెవరో చెప్పుకున్నాను.

"మీ అక్కగారు రాలేదా?" అంది పెద్దమ్మ.

"రాదు పెద్దమ్మా. అక్కడే పెద్ద ఉద్యోగం ఇచ్చారు, ఒప్పుకుంది" అన్నాను. సర్దిచెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ బల్ల మీది దుప్పటి ముడతలు లాగింది. "పక్క వీధి పిల్లల సంగతి చెప్తుంటే మీ అక్క ఏడ్చింది నాయనా. అది నిజం ఏడుపే. దొంగ ఏడుపు నాకు తెలుస్తుంది" అంది. ఇస్త్రీపెట్టె పక్కకి జరిపి, "నువ్వు మళ్లీ రాకు. మంచివాడివే. ఇప్పుడు మంచిగా మాట్లాడేవాళ్లని చూస్తేనే నాకు భయమేస్తోంది" అంది.

సమన్వయం మాస్టారి మీద నాకు ఇంత అసహ్యం లేదక్కయ్యా. ఆయన మొదటినుంచీ అంతే. ఇలాంటివి చూస్తే అసహ్యించుకోవాలని నాకు తెలియజెప్పింది నువ్వు. నేను ఆ ఉద్యోగం వదిలి నీ వైపు వస్తుంటే, నువ్వు నేను ఖాళీ చేసిన వైపు నడిచి వెళ్లి కూర్చున్నావు. నీ ఉత్తరంలో సమన్వయం అన్న మాట చదివినప్పుడు, ఎవరిదో ఎంగిలి నీ నోట్లో చూసినట్టనిపించింది.

ఆ వివరాలన్నీ వీధివాళ్లకి తిరిగి ఇచ్చేయాలని, పటం చెరిపేయాలని పెద్దమ్మ తరఫున లాయరమ్మ కొత్త కేసు వేసింది. సాక్షులెవరని అడిగింది. నీ పేరు ఇచ్చాను. నీ విభాగం, నీ కొత్త హోదా కూడా చెప్పాను. ఈ వారంలో కోర్టు మనిషి సమన్లు పట్టుకుని నీ గదికి వస్తాడు.

బోనులో నిలబెట్టి అడిగేది ఒక్కటే ప్రశ్న, మాటిచ్చావా లేదా అని. పెద్దమ్మ ముందు బెంచీలోనే కూర్చుంటుంది. ఆవిడని చూస్తూ ఏం చెబుతావో చెప్పు.

తమ్ముడు